నోరు కడుక్కున్నాక చెప్పే కబురు

నా చిన్నప్పుడు క్రిస్మస్‌కి మా అమ్మ వచ్చేది కాదు, అమ్మ పంపిన చాక్లెట్ల డబ్బా వచ్చేది. నాన్న పోయాక అమ్మ నన్ను రాజోలు దగ్గర పల్లెలో అమ్మమ్మకి అప్పగించి, కువైట్‌లో ఒకళ్ళింట్లో వంటపనికి వెళ్ళిపోయింది. అప్పటికి నాకు ఐదేళ్ళు. ఏటా డిసెంబరులో సెలవు మీద వచ్చే మా ఊరి ఆవిడ ఎవరో ఒకరు ఆ రేకు డబ్బా తెచ్చి ఇచ్చేవారు. పెట్టెలో సబ్బుల పక్కన సర్దుకొచ్చేవారేమో, మూత తీస్తే సబ్బు వాసనా చాక్లెట్ వాసనా కలిసి గుప్పుమనేవి. అమ్మ ఒంటి వాసన అదేనని నా నమ్మకం.

అసలు ఆ నెలంతా మా పేటలో ఎవరింటికెళ్ళినా తీపే. కజ్జికాయలు, గులాబీ పువ్వులు, కేకు ముక్కలు, రాత్రిళ్ళు ఇంటింటికీ కేరల్స్ పాటలు పాడ్డానికి వెళ్తే గౌను జేబుల నిండా పిప్పరమెంట్లు. అవన్నీ తినేదాన్నే, అబద్ధమెందుకు! అమ్మ చాక్లెట్ మాత్రం పడుకునే ముందే. బుగ్గన పెట్టుకుని, కొరక్కుండా కరగనిచ్చి, ఆ రుచితోనే నిద్రపోయేదాన్ని. పొద్దున్నే పళ్ళపొడి పట్టుకుని అమ్మమ్మ వెంటపడితే నూతి వెనక్కి పారిపోయి, మూతికి కాసిని నీళ్ళు రాసుకుని వచ్చేసేదాన్ని. ఒట్టి మొండిఘటాన్ని లెండి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, సరిగ్గా పండగ ముందు రోజు, కుడి బుగ్గ బూరెలా పొంగిపోయింది. అమ్మమ్మ పేనుతున్న కొబ్బరిపీచు తాడు పక్కన పడేసి, ఎనిమిదేళ్ళ గాడిదని నన్ను చంకనేసుకుని రాజోలు డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తింది. దవడపన్ను పూర్తిగా పుచ్చిపోయిందన్నారాయన. "పాలపన్నే కదండీ, పోతే ఇంకోటి రాదాండీ?" అంది అమ్మమ్మ. "కాదండీ, ఇది ఆరేళ్ళకి వచ్చే పన్ను. పోతే మళ్ళీ రాదు" అన్నారు. మందులిచ్చి, వాపు తగ్గాక, పండగ వెళ్ళిన మూడోనాడు పీకేసేరు. నల్లబడుతున్న మరో రెండు పళ్ళకి సిమెంటు పెట్టి, తీపి తిని నోరు కడక్కపోతే అవీ దక్కవని గట్టిగా చెప్పి పంపేరు.

ఇంటికి రాగానే అమ్మమ్మ ఆ డబ్బా తీసి, వీధిలో పిల్లలకి పంచేస్తానని బయల్దేరింది. నేను గడపకి అడ్డంగా పడిపోయేను. నోట్లో దూది, మాట సరిగ్గా రాదు. ఆ ఏడుపులోనే, "ఇచ్చేయకు అమ్మమ్మా, నోరు కడుక్కుంటే అమ్మ పోతుంది" అన్నాను. మూడేళ్ళయిపోయింది మరి. ఫొటోలో ఉన్న మొహం తప్ప అమ్మ నడకా గొంతూ ఏవీ గుర్తు రావట్లేదు. నాలుక మీద ఆ రుచి ఒక్కటే మిగిలింది. అదీ పోతే నాకింక అమ్మ ఉండదని నా భయం. ఆ సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అమ్మమ్మ తిట్టలేదు. డబ్బా కింద పెట్టి నా పక్కనే కూలబడి, చాలాసేపు కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత ఒక బేరం పెట్టింది. రోజుకొక్కటే చాక్లెట్, అదీ మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే. తినగానే నీళ్ళు పోసుకుని నోరు బాగా పుక్కిలించాలి. రాత్రి పళ్ళు తోముకున్నాక మంచినీళ్ళు తప్ప ఏదీ నోట పెట్టకూడదు. అలా తోముకొచ్చి నోరు తెరిచి చూపిస్తే, రోజుకొకటి చొప్పున మా అమ్మ కబురు చెప్తుంది. ఆయ్, అలాగే అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

మొదటి రోజు కబురు నాకిప్పటికీ గుర్తే. చిన్నప్పుడు అమ్మ పడవెక్కడానికి భయపడి, గేదె తోక పట్టుకుని కాలవ దాటేసిందట! ఇంకోసారి చర్చిలో పాట మధ్యలో నవ్వొచ్చి, పాస్టరు గారి ముందే చాప మీద దొర్లిందట. అమ్మ నవ్వితే చప్పుడు రాదట, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయట. అలా ఒక్కో కబురుతో అమ్మకి కాళ్ళొచ్చాయి, చేతులొచ్చాయి, కోపమొచ్చింది. నెల తిరిగేసరికి చాక్లెట్ అడగడమే మర్చిపోయేను. రాత్రి అన్నాలవగానే పళ్ళపొడి పట్టుకుని నేనే అమ్మమ్మ వెంటపడేదాన్ని. ఆ కబుర్లలో సగం అమ్మమ్మ అప్పటికప్పుడు అల్లినవని పెద్దయ్యాక తెలిసింది. అల్లితే అల్లింది, నన్ను ఏడవకుండా పడుకోబెట్టింది.

మరుసటి ఏడు క్రిస్మస్‌కి అమ్మే వచ్చింది. బాగా చిక్కిపోయింది. కొత్తవాళ్ళింటికి వచ్చినట్టు బెరుగ్గా నన్ను చూసి, ఒళ్ళో చాక్లెట్లు పెట్టింది. ఒకటి తిని, నూతి దగ్గరికి పరిగెత్తి, నోరు కడుక్కొచ్చి ఆవిడ ముందు నోరు తెరిచి నిలబడ్డాను. "ఇప్పుడు కబురు చెప్పమ్మా" అన్నాను. అమ్మ తెల్లబోయి అమ్మమ్మ వైపు చూసింది. సంగతంతా విన్నాక నన్ను దగ్గరికి లాక్కుని, "నా కబుర్లన్నీ నీకు తెలుసు, నీ కబురే నాకొక్కటీ తెలీదే తల్లీ, నువ్వే చెప్పు" అని బావురుమంది. బెంగంతా నా ఒక్కదానిదే అనుకున్నాను అప్పటిదాకా. ఆ రోజంతా నేనే చెప్పేను, అమ్మ వింది. సెలవైపోగానే మళ్ళీ వెళ్ళిపోయింది.

ఇప్పుడు అమ్మమ్మా లేదు, అమ్మా లేదు. క్రిస్మస్ వస్తే నా మనవలు సంచుల నిండా చాక్లెట్లు మోసుకొస్తారు. నేను లాక్కోను. అన్నం తిన్నాక ఒకటి తిననిచ్చి, వెంటనే నోరు పుక్కిలించమంటాను. రాత్రి వరసగా నిలబెట్టి పళ్ళు తోమించి, నోళ్ళు తెరిపించి చూసి, ఒక కబురు చెప్పి పడుకోబెడతాను. తర్వాత నేనూ తోముకుని వచ్చి మంచం మీద కూచుంటాను. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గే కానీ, వెంటనే పడుకోను. ఎవరో ఒకరు పక్కన చేరి కబురు మొదలుపెడతారేమోనని కాసేపు చూస్తాను.