బ్రీడా టూమీ ముఖం

బ్రీడా టూమీ నవ్విందంటే పక్క గదిలో చదువుకునేవాళ్లు కూడా తలెత్తి చూడాల్సిందే. లైబ్రరీలో గట్టిగా నవ్వకూడదని అందరికీ చెప్పేది ఆవిడే, ముందుగా ఆ మాట తప్పేదీ ఆవిడే. కార్క్ ఊళ్లో నది ఒడ్డున ఉన్న మా ఆర్ట్ కాలేజీ లైబ్రరీలో నేనూ ఆవిడా ఏళ్ల తరబడి ఒకే కౌంటర్ వెనక కూర్చున్నాం. పుస్తకాల పని నాది, జిరాక్స్ మిషన్ ఆవిడది. అలాగని ఎవరూ రాసివ్వలేదు. దాని కడుపులో ఇరుక్కున్న కాగితం బయటికి రావాలంటే ఆవిడ చెయ్యి పడాలి, అంతే.

ఏటా అక్టోబరులో డన్ఫీ మాస్టారు మొదటి సంవత్సరం పిల్లలకి ఒక పని ఇచ్చేవాడు. కుంచె ముట్టుకోకూడదు, పెన్సిలు ముట్టుకోకూడదు, లైబ్రరీలో ఉన్న జిరాక్స్ మిషన్ ఒక్కదానితోనే బొమ్మ తయారు చెయ్యాలి. ఆ ముక్క చెప్పేసి ఆయన స్టాఫ్ రూములో టీ తాగుతూ కూర్చుంటే, పిల్లలంతా వచ్చి మా మీద పడేవాళ్లు. ఒకడు మార్కెట్టు నుంచి పచ్చి పందికాలు తెచ్చి అద్దం మీద పెట్టాడు. ఒకమ్మాయి పొడుగాటి జుట్టంతా అద్దం మీద పరిచి, మెడ పట్టేసి లేవలేకపోయింది. బ్రీడా తిడుతూనే అన్నీ చేయించేది. లోపల వెలుతురు నడుస్తున్నప్పుడు దానితోపాటే వస్తువునీ జరిపితే బొమ్మ ఎలా సాగుతుందో చూపించేది. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీసుకుంటూ పోతే చెయ్యి కాస్తా రాయిలా ఎలా మారుతుందో చూపించేది. ఉత్త చేతులతో వచ్చే బెరుకు పిల్లల కోసం కౌంటర్ కింద ఒక అట్టపెట్టె ఉంచేది. అందులో లేసు ముక్కలు, తాళంచెవులు, జత పోయిన చేతితొడుగులు, ఎండిన ఆకులు ఉండేవి. ఏమీ తోచకపోతే ఇందులో చెయ్యి పెట్టు పిల్లా, ఏదొస్తే అదే నీ అదృష్టం అనేది.

ఆవిడ మొగుడు పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. షాండన్ కొండ మీద చిన్న ఇల్లు. ఉన్న ఒక్క చెల్లెలు ఫిలోమినా, బ్యాంకు మేనేజరు పెళ్లాం, మ్యాలో అనే ఊళ్లో ఉండేది. ఎప్పుడొచ్చినా "ఇంకా ఆ మిషన్ దగ్గరేనా?" అని అడిగేది. బ్రీడా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులో మాత్రం పెద్ద చప్పుడుండేది కాదు.

ఆ ఏడు ఆల్వా అనే అమ్మాయి చేరింది. క్లేర్ వైపు నుంచి వచ్చింది, గట్టిగా మాట్లాడితే కళ్లనీళ్లు పెట్టుకునే రకం. ఆ పిల్ల చేసుకొచ్చిందల్లా డన్ఫీ తిప్పి పంపేశాడు. బ్రీడాకి జాలేసింది. మధ్యాహ్నం లైబ్రరీ మూసే గంటలో ఆ పిల్ల ఒక్కదాన్నే లోపలికి రానిచ్చేది. తను కౌంటర్ దగ్గర నిలబడే రొట్టె తిని, సగం ఆ పిల్లకి పెట్టేది. ఒకరోజు ఆల్వా, మీ ముఖం కాపీ తీసుకోనా అని అడిగింది.

"నా మొహం చూసి మిషన్ ఆగిపోతే మళ్లీ నేనే బాగుచెయ్యాలి పిల్లా" అంది బ్రీడా. కానీ కళ్లజోడు తీసేసింది.

కళ్లు గట్టిగా మూసుకుని అద్దానికి ముఖం ఆనించింది. ఆల్వా ఆవిడ తల మీద నల్లగుడ్డ కప్పింది. ముక్కు అణిగిపోయి, పెదాలు కొంచెం తెరుచుకుని, చుట్టూ చీకటితో, నీళ్లలోంచి పైకి తేలుతున్న మనిషిలా వచ్చింది బొమ్మ. బ్రీడా దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది. అమ్మ పోలిక నాకుందని ఇన్నాళ్లూ తెలియలేదే అంది. ఇలాంటి ముఖం నేనెక్కడా చూడలేదని ఆల్వా అంది. అన్నది మనస్ఫూర్తిగానే అంది. నేను పక్కనే ఉన్నాను.

డిసెంబరులో కాలేజీ హాల్లో పిల్లల బొమ్మల ప్రదర్శన. మీ బొమ్మ చాలా పెద్దది చేశాను, తప్పకుండా రావాలని ఆల్వా వచ్చి పిలిచింది. బ్రీడా ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోన్ చేసింది. ప్రదర్శన రోజున జుట్టు సెట్ చేయించుకుని, పెళ్లిళ్లకి వేసే పచ్చకోటు వేసుకొచ్చింది. ఫిలోమినా, ఆవిడ మొగుడు కారులో దిగారు. బయట వాన. అందరం గొడుగులు ముడిచి హాలు వైపు నడిచాం.

ఫిలోమినా ముందు లోపలికెళ్లి గోడలన్నీ కలయచూసి, "ఎక్కడే నీ బొమ్మ?" అంది.

బ్రీడా గుమ్మం దగ్గర కాళ్లపట్టా మీదే ఆగిపోయింది. కిందికి చూస్తోంది. హాలు నేలంతా కాగితాలు ఒకదాని పక్కన ఒకటి అతికించి ఉన్నాయి. అన్నీ కలిపితే ఒకే ముఖం. లోపలికి వెళ్లాలంటే దాన్ని తొక్కకుండా దారి లేదు. తడి బూట్లతో జనం నుదుటి మీదుగా వెళ్లి, నోటి దగ్గర నిలబడి వైన్ తాగుతున్నారు. గడ్డం మీద బురద.

"నువ్వు నిలబడింది దాని మీదే" అంది బ్రీడా.

ఫిలోమినా కాలు తీసింది. అది కన్ను. ఎప్పుడూ ఎత్తిపొడిచే మనిషి ఆ రోజు అక్క చెయ్యి పట్టుకుంది. అదే ఇంకా అవమానంగా తోచిందని బ్రీడా తర్వాత నాతో అంది.

ఆల్వా మమ్మల్ని చూసి ఆ ముఖం మీదుగానే పరుగెత్తుకొచ్చి బ్రీడాని కావలించుకుంది. డన్ఫీ మాస్టారు కంట తడిపెట్టుకున్నారని చెప్పింది. ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి.

"అర్థమైందా బ్రీడా? మీలాంటివాళ్ల మీదుగా రోజూ నడిచిపోతారు, ఎవరూ చూడరు. ఆ మాటే చెప్పాలనుకున్నా."

"నువ్వు చూశావుగా" అంది బ్రీడా నెమ్మదిగా. "చూసి కూడా తీసుకెళ్లి నేల మీదే పరిచావు."

"మీరు వేరేగా అనుకుంటున్నారు. ఇది మీ కోసమే చేశాను."

"నా రొట్టె తిన్నావు కదే" అని, బ్రీడా వానలోకి వెళ్లిపోయింది.

ప్రదర్శన ఇంకా వారం ఉంది. లైబ్రరీకి దారి ఆ హాల్లోంచే. మర్నాడు ఆవిడ ప్రిన్సిపాల్ దగ్గరకెళ్లి అది తీయించమని అడిగింది. ముఖం ఇచ్చింది మీరే కదా, విద్యార్థి పనిలో మేం వేలు పెట్టం అన్నాడాయన. బ్రీడా రోజూ ముఖం చుట్టూ ఉన్న నల్లటి అంచు మీద, గోడ వారగా, పక్కకి తిరిగి, కోటు గోడకి రాసుకుంటూ నడిచి లోపలికొచ్చేది. నాలుగో రోజు పొద్దున నేను వచ్చేసరికి మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో కాగితం పీకుతోంది. జిగురు గట్టిగా పట్టేసింది, పీలికలు పీలికలుగా వస్తోంది. లేవమన్నాను. నేనూ కూర్చుని పీకాను. ఒక చెంప మాత్రం ఊడొచ్చింది.

విద్యార్థి పని పాడుచేసినందుకు బ్రీడాని పిలిచి మందలించారు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం గురించి ఆలోచించాల్సి ఉంటుందన్నారు. ఆల్వా కోప్పడలేదు. చిరిగిన ముఖాన్ని అలాగే వదిలేసింది. ఇప్పుడు బొమ్మ పూర్తయిందని డన్ఫీ క్లాసులో చెప్పాడు. క్లాసులో మొదటి మార్కు దానికే వచ్చింది. ఊరి పేపర్లో ఫొటో వేశారు. కింద ఆల్వా పేరుంది. ముఖం ఎవరిదో రాయలేదు.

మళ్లీ అక్టోబరు వచ్చింది. డన్ఫీ అదే పని ఇచ్చాడు, కొత్త పిల్లలొచ్చారు. అట్టపెట్టె అప్పటికే చెత్తలోకి వెళ్లింది. మిషన్ పక్కన బ్రీడా ఒక నోటీసు అతికించింది: పచ్చి వస్తువులు పెట్టరాదు, శరీరభాగాలు పెట్టరాదు, సిబ్బందిని అడగరాదు. ఒక సన్నటి పిల్ల తన చిన్నప్పటి బాప్తిస్మపు గౌను కాగితంలో చుట్టి తెచ్చుకుని కౌంటర్ దగ్గర నిలబడింది. లేసు నల్లగా వస్తోంది, తెల్లగా రావాలంటే ఏం చెయ్యాలని అడిగింది.

"నోటీసు చదువుకో" అంది బ్రీడా.

చదివాను, అందులో లేదు అందా పిల్ల.

"అయితే లేదు."

నేను లేచి వెళ్లి నాకు చేతనైన మీటలు నొక్కాను. ఇంకా నల్లగా వచ్చింది. ఆ పిల్ల గౌను మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయింది. క్రిస్మస్ తర్వాత కాలేజీలో కనబడలేదు. దానికి ఇంకేం కారణాలున్నాయో నాకు తెలీదు. ఆ మాట బ్రీడాతో అంటే పుస్తకాలు సర్దుకోమంది.

రిటైరయ్యేదాకా అలాగే ఉంది. లైబ్రరీ చాలా నిశ్శబ్దంగా ఉండేది, వచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆల్వా డబ్లిన్‌లో పేరు తెచ్చుకుంది. ఒకసారి మా కాలేజీకొచ్చి ఉపన్యాసం ఇచ్చి, కౌంటర్ దగ్గరకొచ్చి బ్రీడాని ఎలా ఉన్నారని అడిగింది. కాలేజీ కార్డు ఉందా అని అడిగింది బ్రీడా. లేదంది. కార్డు లేనివాళ్లు లోపలికి రాకూడదని చెప్పి తలుపు చూపించింది.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు, అంత కోపం ఇన్నేళ్లు ఎలా దాచుకున్నావని అడిగాను.

"ఆ పిల్ల చెడ్డది కాదు. చెడ్డదైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని" అంది. బస్సొచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన చోటున్నా వదిలేసి, బయటికి ముఖం కనబడకుండా వెనక్కెళ్లి కూర్చుంది.