పదమూడు దగ్గర ఆగిన లెక్క

పొద్దున పార్సిలు తెచ్చినాయన ఓటీపీ అడిగితే ఫోను చూసినా. 527527. నవ్వొచ్చింది. అంకెల్ని చూసి నవ్వే పిచ్చి మా ఇంటికి అంటించింది మామ. మా అమ్మకు తమ్ముడు, లెక్కల అయ్యోరు. మద్రాసు పెరంబూరులో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఎవరు ఎలక్ట్రిక్ ట్రైన్ దిగి ఇల్లు చేరినా, చెప్పులు విడవకముందే టికెట్టు మామ చేతిలో పెట్టాల. దాని మీది నంబరు దేంతో దేంతో శేషం మిగలకుండా పోతుందో ఆయన విడగొట్టి చెప్పినాకనే కాఫీ. "మనిషి అలిసొస్తే ముందు నీళ్ళియ్యాల గానీ, ఇదేం చోద్యమమ్మా!" అని అత్త నెత్తి కొట్టుకునేది.

మూడంకెలు రెండుసార్లు వచ్చిన నంబరంటే మామకు పండగే. "ఇందులో ఏడు, పదకొండు, పదమూడు దాక్కోనుంటాయి. మూడింటితో వరసగా భాగించు, మొదటి మూడంకెలే మళ్ళీ చేతికొస్తాయి," అనేవాడు. ఆ మూడూ గుణిస్తే వెయ్యిన్నొకటి గదా, ఏ మూడంకెల్ని దాంతో గుణించినా అవే రెండుసార్లొస్తాయి, అదీ కిటుకు. 527527ని ఏడుతో భాగిస్తే 75361, దాన్ని పదకొండుతో భాగిస్తే 6851, దాన్ని పదమూడుతో భాగిస్తే 527. ఏడేడ తిరిగినా కడాకు ఇంటికే. దేంతోనూ పోని నంబరును మాత్రం మామ "మొండిది" అని పక్కన పెట్టేవాడు.

ఒక సాయంత్రం నేను అట్టాంటి జంట అంకెల టికెట్టే తెచ్చి గర్వంగా ఇచ్చినా. మామ చాలాసేపు దాన్నే చూసినాడు. ఏడుతో చూసినాడు, పదకొండుతో చూసినాడు. "ఇది మొండిదమ్మే," అన్నాడు. ఆట పట్టిస్తున్నాడేమో అని నవ్వినా. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అత్త హాల్లోకొచ్చి, "ఏడు, పదకొండు... తర్వాత ఏందయ్యా?" అని మెల్లిగా అడిగింది. రోజూ విని విని ఆ వరస మా ఇంటి గోడలకు కూడా వచ్చు. మామ సాయం కోసం నా మొఖం చూసినాడు. ఆ యేడు తిరక్కముందే ఆయన మా వీధి మర్చిపోయినాడు, తర్వాత అత్త పేరు, ఆనక తన పేరు. మా అమ్మమ్మకూ అంతేనంట. పెద్దతనంలో మా అమ్మకూ అదే వచ్చింది.

ఈ పొద్దు వాకిట్లో నిలబడి నేను ఏడుతో భాగించినా, పదకొండుతో భాగించినా. తర్వాతది రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు. "అమ్మా, ఓటీపీ సొల్లుంగమ్మా," అని ఆయన అరవంలో రెండోసారి అడిగితే, కోడలొచ్చి నా చేతిలో ఫోను తీసుకొని చదివేసింది. "ఏంది అత్తా, అట్టా నిలబడిపోయినారు?" అంది. ఏం లేదు పోమ్మా అన్నా. మధ్యాహ్నం అన్నంలో చారు పోసుకుంటాంటే పదమూడు తనంతట తానే వచ్చింది. సంతోషించాల గదా? కంచం పక్కకు జరిపి లేచినా. కోడలికింకా చెప్పలేదు. ఆ నంబరులోంచి పదమూడును తీయడం కాలానికి కూడా చేతగాదు. నాలోంచి మాత్రం పొద్దున ఒకసారి తీసి చూసుకొని, మధ్యాహ్నానికి మళ్ళీ పెట్టేసి పోయింది.