పేగు గోడలో బుడగలు

నరసరావుపేటలో ఎక్స్‌రేలు తీయించి, వాటిని చదివి చెప్పడం అప్పట్లో నా పని. స్కాన్ కావాలంటే మద్రాసు పోవాల్సిందే. ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం ఉదయం, ఇంకా నీళ్ళు కారుతున్న ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి చూశాను. పెద్దపేగు కుడివైపు గోడ పొడుగునా చిన్న చిన్న నల్లటి బుడగలు వరసగా ఉన్నాయి. పేగు లోపల గాలి ఉండటం మామూలే. గోడలోకి చేరిందంటే ఆ పేగు కుళ్ళిపోతూ ఉండొచ్చు.

ఆ ఫిల్ము నకరికల్లు నుంచి వచ్చిన ఒక లారీ మెకానిక్కుది. నలభై దాటిన సాయిబు. మెడ దగ్గర గడ్డలతో మొదలైన క్యాన్సరుకు మద్రాసులో మందులు ఎక్కించుకుంటున్నాడు, వాటితో పాటు స్టెరాయిడ్ మాత్రలూ మింగుతున్నాడు. వారం నుంచి కడుపు ఉబ్బరంగా ఉందని భార్యనూ బామ్మర్దినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

మా సర్జన్ నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఫిల్ము మీద ఒక్క చూపు వేసి, "ఇంకేంది ఆలోచించేది? గంటలో కోయాలి" అన్నారు.

ఆయన తొందరకు కారణం ఉంది. అంతకు నెల ముందు నాదెండ్ల నుంచి వచ్చిన ఒక ముసలామెకు ఇలాంటి బుడగలే కనపడితే, రేపు చూద్దాంలే అని ఆగాం. మర్నాడు పొట్ట తెరిచేసరికి పేగు బొగ్గులా నల్లబడి ఉంది. ఆమె బతకలేదు. ఆ సంగతి ఆయనా మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

కానీ ఈ మనిషి బయట బల్ల మీద కూర్చుని, వచ్చే పోయే వాళ్ళతో కబుర్లు చెబుతున్నాడు. పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాను. ఎక్కడ నొక్కినా మెత్తగా ఉంది. జ్వరం లేదు, నాడి నిదానంగా ఉంది.

"నొప్పి ఉందా?"

"నొప్పేం లేదు సార్, ఉబ్బరమే. ఆకలేస్తా ఉంది. పోయి రెండిడ్లీలు తినొస్తా."

"ఏమీ తినొద్దు!" అని అరిచాను.

బామ్మర్ది అడ్డం వచ్చాడు. "గ్యాసేగా సార్. మా నాయనకీ ఉండేది. సోడా పడితే పోద్ది."

"ఆ గ్యాసు కాదయ్యా. పేగు గోడలో ఉన్న గాలి."

"గోడలోకి గాలెట్టా పోద్ది సార్?"

నిజానికి మంచి ప్రశ్నే అడిగాడు. జవాబు చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

సర్జన్ గదికి వెళ్ళి, "ఒకసారి మనిషిని చూడండి సార్, హాయిగా ఉన్నాడు" అన్నాను.

"స్టెరాయిడ్ మాత్రలు మింగేవాడి పొట్ట మెత్తగానే ఉంటది. లోపల కుళ్ళినా నొప్పి తెలవదు. నీకు తెలవదా ఏంది?"

తెలుసు. అవే మాత్రలు పేగు గోడను పలచన చేస్తే, ఏ ప్రమాదమూ లేకుండానే గాలి అందులోకి చేరవచ్చనీ తెలుసు. రెండూ నిజమే. ఏది ఈ మనిషికి వర్తిస్తుందో మాత్రం ఆ ఫిల్ము చెప్పడం లేదు. ఊరికే కోస్తే, క్యాన్సరు మందులతో నీరసించిన ఒంటికి ఆ గాయం మానుతుందో లేదో. కోయకపోతే నాదెండ్ల ముసలామె గుర్తొస్తోంది.

గుంటూరులో నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్ గారికి ట్రంకాల్ బుక్ చేశాను. ఎంతసేపటికో లైను దొరికింది. "పేషెంటు ఎట్లా ఉన్నాడు?" అన్న ఒక్క ముక్క వినపడింది. నేను నోరు తెరిచేలోపు గరగరమని లైను తెగిపోయింది. ఫోను బల్లకేసి కొట్టాలనిపించింది.

పొద్దుటి నుంచి మెకానిక్కు భార్య మద్రాసు ఫిల్ములున్న ఒక రెక్సిన్ సంచీ పట్టుకుని నా చుట్టూ తిరుగుతోంది. "అయ్యా, ఇయ్యి కూడా చూడండయ్యా" అనడం, "ఇప్పుడు మెడ సంగతి కాదమ్మా, కాస్త ఆగు" అని నేను కసురుకోవడం. రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి ఆమె సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టేసింది.

"మద్రాసులో పొట్టక్కూడా తీశారు. ఒక్కరూ చూడరేంది?"

విసుక్కుంటూనే బయటికి లాగాను. గళ్ళు గళ్ళుగా స్కాన్ ఫిల్ములు. నాలుగో వరస గళ్ళలో, పెద్దపేగు కుడివైపు, అవే బుడగలు. తారీఖు చూశాను. ఆరు వారాల కిందటిది. రిపోర్టులో గడ్డల కొలతలు పేజీ నిండా ఉన్నాయి. పేగు గురించి ఒక్క మాట లేదు.

రిపోర్టు రాసినవాడి మీద మండిపోయింది. ఆ వెంటనే, పొద్దుటి నుంచి ఎదురుగా ఉన్న సంచీ విప్పని నా మీద అంతకన్నా ఎక్కువ మండింది. అన్నీ తీసుకుని సర్జన్ గదికి పరుగెత్తాను.

"ఆరు వారాల నుంచి ఉన్నాయి సార్. చచ్చిన పేగుతో ఇన్నాళ్ళు ఎవడన్నా లారీల కింద దూరి పనిచేస్తాడా?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని రెండు చోట్ల ఫిల్ములనూ పక్కపక్కన పెట్టి చూశారు.

"సరే. కానీ ఇక్కణ్ణుంచి కదలనీయొద్దు. పొట్ట గట్టిపడినా, నాడి పెరిగినా నిన్నడగను, కోస్తా."

రెండు రోజులు సెలైన్ మీదే ఉంచాం. వార్డుకు పోయినప్పుడల్లా పొట్ట నొక్కి చూసేవాణ్ణి. చివరికి అతనికే విసుగొచ్చింది.

"ఎన్నిసార్లు నొక్కుతారు సార్? ఇదేమన్నా టైరా?"

మూడోరోజు ఫిల్ములో బుడగలు అలాగే ఉన్నాయి, పెరగలేదు. మనిషి నింపాదిగా ఉన్నాడు. ఇడ్లీ పెట్టించి, మర్నాడు ఇంటికి పంపించాం. ఆ స్టెరాయిడ్ మాత్రలు తగ్గించడం కుదురుతుందేమో చూడమని మద్రాసు డాక్టర్లకు రెండు పేజీల ఉత్తరం రాసిచ్చాను. జవాబు రాలేదు. మాత్రలు మాత్రం తగ్గించారని అతనే చెప్పాడు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ ఫిల్ము తీస్తే బుడగలు లేవు.

క్యాన్సరు మాత్రం పోలేదు. ఇంకో రెండేళ్ళు లారీల షెడ్డు నడిపి, చనిపోయాడు. ఆ కబురు చెప్పడానికి భార్య ఆసుపత్రికి వచ్చింది. గదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"పొట్ట కోయించుకోకుండానే పోయాడయ్యా. అదే చానా అనుకున్నాడు" అంది.

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. టీ తెప్పించాను.