ఒకే ఫైలులో రెండు కాగితాలు

మా ఇంట్లో కాగితాలు రెండు చోట్ల ఉండేవి. కులం సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, బాపు చనిపోయినప్పటి సర్టిఫికెట్ బీరువా కింది అరలో ప్లాస్టిక్ సంచిలో ఉండేవి. మా బాప్తిస్మపు కార్డులు, సండే స్కూల్ టీచరుగా నాకిచ్చిన శిక్షణ పత్రం నా బైబిల్ సంచి జేబులో ఉండేవి. ఇట్లా వేరు చేసి పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. మా సంఘంలో ఎవరింటికి పోయినా ఇంతే. సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఇంకొక పేరు. బడికి, బ్యాంకుకు, ఆసుపత్రికి మొదటి పేరు, ఆదివారం రెండో పేరు. ఈ రెండూ ఒకచోట కలవకుండా చూసుకోవడం మాకు చిన్నప్పుడే అలవాటైంది.

ఎందుకో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మేము దళితులం. దళితులు క్రైస్తవులైతే చట్టం లెక్కలో ఎస్సీలు కారు, బీసీల్లో ఒక మూలకు పోతారు. బతికే వాడ మారదు, మమ్మల్ని పిలిచే తీరు మారదు. చెంబు ఎత్తి దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు మేము ఏ దేవుణ్ణి మొక్కుతామో అడిగి పోయరు. మారాల్సింది కాగితం ఒక్కటే. అందుకని మావాళ్లు దాన్ని మార్చుకోరు. ఇది అబద్ధమని నాకు తెలుసు. తెలిసే నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా దాని మీదే బతికాను, ఆ సర్టిఫికెట్‌తోనే హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను.

నాలుగేళ్ల కింద కరీంనగర్‌లో సర్కారు కట్టిన డబుల్ బెడ్రూం ఇండ్లకు దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలిసింది. అప్పటికి బాపు పోయి చాలా కాలమైంది. మా అమ్మ, మేము అవ్వ అంటాం, లక్సెట్టిపేట దిక్కు ఊరు విడిచి నా దగ్గరే ఉంటోంది. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. మాది రెండో అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు. అవ్వ మోకాళ్లు పూర్తిగా పాడయ్యాయి. ఆదివారం ఆరాధనకు తప్ప కిందికి దిగదు. దిగడానికి పావుగంట, ఎక్కడానికి అరగంట. ఎక్కేటప్పుడు మధ్యలో మెట్టు మీద కూర్చుని, పైన ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. ముసలివాళ్లకు, భర్త లేనివాళ్లకు కింది అంతస్తు ఇస్తారని చెప్పారు. ఎస్సీల లిస్టు చిన్నదని కూడా చెప్పారు. అవ్వ పేరు మీద దరఖాస్తు పెట్టాలనుకున్నాం.

అవ్వ ఆధార్ మీద ఇంకా పాత ఊరి పేరే ఉంది. ఆమె ఈ పట్నంలో ఉంటోందని రుజువు కావాలి. కిరాయి కాగితం రాసిమ్మని ఓనరమ్మను అడిగాను. కాగితం చేతికొస్తే మీరు రేపు ఇల్లు విడుస్తారా అని ఆమె నవ్వుతూనే అడిగింది, నవ్వుతూనే ఇవ్వనంది. ఇంకెవరిని అడగాలో తోచక మా సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన సంతోషంగా సంఘం పేరున్న కాగితం తీసి రాశారు. ఈ సహోదరి బాప్తిస్మం పొందిన విశ్వాసి అని, పదకొండేళ్లుగా మా సంఘంలో నమ్మకమైన సభ్యురాలని, ఫలానా వాడలో కూతురితో కిరాయికి ఉంటోందని, నాకు స్వయంగా తెలుసని. కింద సిలువ గుర్తున్న ఊదారంగు ముద్ర వేశారు.

అది చదువుకుంటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ గురించి అన్ని మంచి మాటలు ఎవరూ కాగితం మీద పెట్టలేదు. దాన్ని ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టాను. దాని కింద కులం సర్టిఫికెట్ పెట్టాను. పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, అయినా అదే చేశాను. మా సంఘంలో చదువు రాని ముసలమ్మ కూడా చేయని పని అది.

ఆఫీసులో గుమస్తా దాదాపు నా వయసువాడే. పై కాగితం చదివాడు, కింది కాగితం చదివాడు, మళ్లీ పైది చదివాడు. మీరు ఎస్సీలా, క్రిస్టియన్లా అని అడిగాడు. రెండూ అన్నాను.

“రెండు గాదమ్మా,” అన్నాడు. “గీడ ఒక్కటే జెప్పాలె.”

తర్వాత గొంతు తగ్గించి విడమరిచి చెప్పాడు. ఈ ఉత్తరం ఉంటే ఎస్సీ లిస్టులో పెట్టలేడు. బీసీ లిస్టులో పెడితే అది చాలా పెద్దది, మీ అవ్వ నంబరు వచ్చేసరికి అని ఆగి, మాట పూర్తి చేయలేదు. జతచేసిన కాగితాల లిస్టులో సంఘం ఉత్తరమని ముందు కౌంటరులో ఎక్కించేశారు కాబట్టి, దారి ఒకటే ఉందన్నాడు. తెల్ల కాగితం మీద, మేము హిందువులమని, ఆ ఉత్తరం పొరపాటున జతచేశామని, ఆ సంఘంతో మాకు సంబంధం లేదని రాసి, అవ్వతో వేలిముద్ర వేయించి తేవాలి. ఉత్తరాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

“గిది తీస్కపోన్రి. నేను సూడలే అనుకుంట.”

ఈ వ్యవహారం మొత్తంలో నాకు దొరికిన దయ అదొక్కటే. అతని మీద కోపం చల్లారడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అక్కడి నుంచి నేరుగా అయ్యగారి ఇంటికి పోయాను. ఆయన కోప్పడతారని, అట్లా రాయడం పాపమంటారని అనుకున్నాను. అనాలనే కోరుకున్నాను. ఆయన తల పట్టుకుని, “రెండు ఒక్క దగ్గర ఎందుకు వెట్టినవమ్మా?” అన్నారు. దేవుడు చూసేది మన మనసును గాని ఆఫీసు ఫైళ్లను కాదని నెమ్మదిగా చెప్పారు. ఆయన కొడుకుకు ఇంజనీరింగు సీటు ఏ సర్టిఫికెట్ మీద వచ్చిందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. టీ తాగి వచ్చేశాను.

అవ్వ అయినా ఒప్పుకోదనుకున్నాను. ఆమె నాకంటే ముందు నమ్మిన మనిషి. లక్సెట్టిపేట దగ్గర గోదావరిలో మునిగి బాప్తిస్మం తీసుకున్న రోజు, తడి చీరతో ఇంటికొస్తే మా నాయనమ్మ ఆమెను వంటింట్లోకి రానీయలేదట. నెల రోజులు వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుని వండుకుందట. బాపు ఆ నెలంతా ఆమెతో మాట్లాడలేదు. అయినా ఆదివారం మానలేదు. అట్లాంటి మనిషి, నేను చెప్పిందంతా విని, “రాయి బిడ్డా” అంది.

నేను వాదించాను. కిందటి ఆదివారమే సండే స్కూల్ పిల్లలకు, బైబిల్‌లో రాజు నిలబెట్టిన విగ్రహానికి వంగమంటే వంగని ముగ్గురు యువకుల సంగతి చెప్పాను. వాళ్లను అగ్నిగుండంలో వేశారు, అయినా వంగలేదు. అదే అవ్వకు గుర్తుచేశాను.

“వాళ్లు పడుసోల్లు, వంగగలిగి వంగలే,” అంది అవ్వ. “నేను వంగుదామన్నా నా మోకాళ్లు వంగుతయా?”

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఓడిపోయాను. బడిలో బోర్డు మీద రాసే గుండ్రని అక్షరాలతోనే రాశాను. మొదటిసారి “సంబంధము” దగ్గర సున్న మరిచిపోయి, కాగితం చించి ఇంకోటి రాశాను. దేవుణ్ణి కాదనే కాగితంలో అక్షరం తప్పు ఉండకూడదనుకున్న మనిషిని నేను. చదివి వినిపించమంది అవ్వ. వినిపించాను. బొటనవేలు చాపింది. వేలి మీది సిరా రెండు రోజులు పోలేదు.

ఫైలు తీసుకున్నారు, అవ్వ ఎక్కడ ఉంటోందో ఎంక్వైరీలో చూస్తామన్నారు. కొన్ని నెలలకు, మర్నాడు ఇంటికి ఎంక్వైరీకి వస్తారని గుమస్తా ఫోన్ చేశాడు. గోడల మీద ఏమన్నా ఉంటే తీసెయ్యమన్నాడు. వాక్యం ఉన్న క్యాలెండర్ తీశాను, తలుపు మీది సిలువ తీశాను. నా బైబిల్, అవ్వ పాటల పుస్తకం గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. అవ్వ మంచం మీద కూర్చుని చూస్తూనే ఉంది. వచ్చిన ఆఫీసరు మెట్లెక్కి ఆయాసపడి మంచినీళ్లు అడిగాడు. ఫ్రిజ్ ఉందా, బండి ఉందా, ఊళ్లో భూమి ఉందా అని అడిగి రాసుకున్నాడు. ముసలామె ఈ మెట్లు ఎట్లా ఎక్కుతుందని జాలిపడ్డాడు. గోడల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

డ్రా ఒక ఫంక్షన్ హాలులో తీశారు. బైబిల్‌లో వాగ్దాన దేశాన్ని ఇశ్రాయేలు గోత్రాలకు చీట్లు వేసి పంచారని మ్యాపు గీసి మరీ పిల్లలకు చెప్పినదాన్ని నేను. చీటీలో వచ్చేది దేవుని తీర్పని నేర్పినదాన్ని. అవ్వ పేరు చీటీలో రాలేదు. వెయిటింగ్ లిస్టులో ఉంది. ఎవరన్నా ఇల్లు వద్దంటే, అనర్హులని తేలితే, మిగిలినవి ఆ లిస్టులోవాళ్లకు ఇస్తారట. ఇల్లు వద్దనేవాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

మా సంఘంలో మూడు కుటుంబాలకు ఇండ్లు వచ్చాయి. తర్వాతి ఆదివారం వాళ్లు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు. దేవుడు గృహమిచ్చాడన్నారు. సంఘమంతా స్తోత్రం అంది. నేను కూడా అన్నాను. ఆ మూడు కుటుంబాలూ ఎస్సీ లిస్టులోవే. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్లు కాగితాలు ఎక్కడివక్కడ పెట్టుకున్నారు, వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే వాళ్లేం రాసేవాళ్లో వాళ్లకూ తెలియదు. మాకు తెలిసింది.

ఆ నెలలోనే సండే స్కూల్ మానేశాను. ఆరోగ్యం బాగాలేదని అయ్యగారికి చెప్పాను. ఆయన కారణం అడగలేదు. పిల్లలకు వేరే టీచరును పెట్టారు.

సాయంత్రం నేను బడి నుంచి వచ్చాక ఇద్దరం కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. ఒకనాడు నేను అందరి కోసం చేసి, చివర ఇంటి సంగతి ఎత్తుకున్నాను. అవ్వ కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది.

“ఇంటి కోసం ఆయనను అడుగకు బిడ్డా,” అంది. “మేం నీ మనుషులం గామని రాసిచ్చి, మల్ల ఆయననే ఇల్లడుగుడేంది? జర సిగ్గుండాలె.”

రాయమన్నది నువ్వే కదా అన్నాను.

“నేనే అన్న. అందుకే నేను అడుగుత లేను.”

ఆమె కోపంగా అనలేదు. ప్రార్థన మానలేదు కూడా. జ్వరమొచ్చినవాళ్ల కోసం, గల్ఫ్‌లో ఉన్న మా సంఘం పిల్లల కోసం, ఓనరమ్మ కోసం కూడా చేస్తుంది. ఇంటి మాట ఒక్కటే ఎత్తదు. నన్నూ ఎత్తనీయదు.

ఇప్పటికీ రెండో అంతస్తులోనే ఉన్నాం. సోమవారం సోమవారం బడి ఇంటర్వెల్‌లో ఆఫీసుకు ఫోన్ చేస్తాను. గుమస్తా నా గొంతు గుర్తుపడతాడు. పేరు లిస్టులోనే ఉంది, ఫికర్ చేయొద్దు అంటాడు. ఇంటి గురించి నేను ఇప్పుడు అడుగుతున్నది అతన్ని ఒక్కడినే.