మల్ల వస్తడంట

మొన్న ఫోన్‌లో ఒక హత్యల సినిమా రెండో భాగంపై జనం అభిప్రాయాలు చదువుతుంటే మా బాపు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు జనగామలో మా కిరాణా దుకాణం సినిమా హాలుకు ఎదురుగా ఉండేది. ఓ రోజు ఆట విడిచాక సోడాలు తాగడానికి ఇద్దరు వచ్చారు.

“పోయినసారి మంచిగ సంపిండు. ఈసారి సంపుడు సక్కగ లేదు,” అన్నాడొకాయన.

“మల్ల వస్తడంట. అప్పుడన్న మంచిగ సంపుతడేమో,” అన్నాడు రెండో ఆయన.

ఊళ్లో నిజంగానే హంతకుడు తిరుగుతున్నాడనుకుని నాకు ఏడుపొచ్చింది.

“దుకాణం బంద్ చేద్దాం బాపూ, ఆయన మల్ల వస్తడంట,” అన్నాను.

“రానియ్యి బిడ్డా. ఆయనొస్తే మనకు గిరాకి,” అన్నాడు బాపు.

నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. అది ఉత్త సినిమా అని చూపించడానికి మర్నాడు బాపు నన్ను హాలుకు తీసుకెళ్లాడు. గొడ్డలి లేచినప్పుడల్లా చేత్తో నా కళ్లు మూశాడు. ఆయన వేళ్ల సందులోంచి తలెత్తి చూస్తే, ఆయన కళ్లూ గట్టిగా మూసుకునే ఉన్నాయి.

బయట ఎవరో, “ఎట్లుందే సేటూ?” అని అడిగారు.

“పోయినసారంత భయం లేదన్నా,” అన్నాడు బాపు.

ఆ మాటను నేను ఇప్పటికీ ఎవరి ముందూ కాదనలేదు.