ఆకు లేని గడ్డ

శామీర్‌పేటలో చెల్లెలు కొత్తింట్లోకి దిగిన రోజు ఎవరో ఊదారంగు ఆర్కిడ్ల బొకే తెచ్చారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్లాస్టిక్ కాగితం వాసన తప్ప మరేమీ లేదు. అయినా చప్పున దూరంగా పెట్టేశాను. ఆ జాతి పూలను చూస్తే నాకు ఇన్నేళ్లయినా ఇంతే.

తొంభైల చివర, వానలు పడి చెరువు వెనక నేలంతా చిత్తడిగా మారి, తుంగ మోకాళ్ల దాకా పెరిగి, కప్పల అరుపులతో చెవులు గింగురుమనే రోజుల్లో, గడ్డి మధ్య ఆ జాతివే తెల్లటి పూలు లేచేవి, ఒక్కో పువ్వుకు వెనక సన్నటి తోకతో. ఆకుమందులు చేసే మా అవ్వ వాటి గడ్డలు తవ్వి, నీరసపడ్డ బాలింతలకు పాలలో ఉడికించి ఇచ్చేది. ఏది తవ్విందో తర్వాత తెలియాలని, ఆకును గుంటలోనే నిలబెట్టి వచ్చేది. ఎందుకంటే ఆ పక్క పొదల్లోనే అడవినాభి కూడా ఉండేది. దాని ఆకు కొస తీగలా చుట్టుకుని ఉంటుంది; గడ్డ తింటే మనిషి దక్కడు.

నాకు తొమ్మిదేళ్లు, చెల్లెలికి ఆరు. ఒకరోజు పూలు రాలిన మొక్క ఒకటి పీకి, ఆకు చూడకుండానే కాలువలో పారేసి, గడ్డ కడిగాను. తినాలని ఆశ, నాభి అయితేనో అని భయం. అందుకని ముందు చెల్లెలి నోట్లో పెట్టాను. అది నమిలి మింగేసింది.

ఇంటికొచ్చేసరికి అది కడుపు పట్టుకుని ఏడుపు. గడ్డ తినిపించానని అవ్వకు చెప్పేశాను.

"ఆకేదే? కొస చుట్టుకొని ఉండెనా, సాపుగ ఉండెనా?" అవ్వ నా రెక్క పట్టుకుని అడిగింది.

"పారేసిన అవ్వా."

"అయ్యో నీ చేతులిరగ! గుంట సూపియ్, జల్దీ నడు!"

నాయిన చెల్లెల్ని ఎత్తుకుని దవాఖానకు, మేము చెరువుకు. బురదలో ఇరుక్కున్న చెప్పు వదిలేసి పరుగెత్తాను. గుంట నిండా నీళ్లు. అవ్వ మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవుతుంటే, చెల్లెలు చచ్చిపోతుందని, నేనే చంపానని ఒకటే ఏడుపు. చివరికి ముడతలు పడ్డ గుండ్రటి గడ్డ ఒకటి పైకి తీసింది.

"ఇది పోయినేటిది. తోక పూల మొక్కకు రెండు గడ్డలుంటయి, చెల్లె తిన్నది దీని పక్క కొత్తది. నాభి గడ్డయితే నాగలి తీరు వంకరుంటది. బతికినం బిడ్డా," అని బురదలోనే కూలబడింది.

దవాఖానలో చెల్లెలు కక్కిందంతా పచ్చి జామకాయలే.

ఇప్పుడు ఆ చిత్తడి మీదే చెల్లెలి ఇల్లు. తుంగ లేదు, కప్పలు లేవు, తోక పూలూ లేవు, అవ్వా లేదు. బొకే సర్దుతూ చెల్లెలు చుట్టాలతో మురిపెంగా అంటోంది:

"మా అక్క సంగతి మీకెరుకలేదు. చిన్నప్పుడు గడ్డ దొరికితే, తను తినకుంట నా నోట్లనే పెట్టింది."

ఔనని తలూపాను.