అక్క ఇంటి గేమ్ పెట్టె, నాయన గొంతు

అక్క వాళ్ళ ఇంట్లో టీవీ కింద నల్లటి గేమ్ పెట్టె ఒకటి ఉంటుంది. గనిలో డ్యూటీ దిగొచ్చిన బావ స్నానం చేసి, టీ తాగి, దాని ముందు కూర్చుని ఫుట్‌బాల్ ఆట ఆడతాడు. ఆ పెట్టెను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆటలు నాకు రావు, నేర్చుకోవాలనీ లేదు. కానీ అది మా అమ్మను నా దగ్గర్నుంచి లాక్కుంది.

నాయన పోయాక అమ్మ ఏన్కూరులో నా దగ్గరే ఉండేది. మొన్న వానాకాలంలో నాలుగు రోజులుండి వస్తానని ఇల్లందులో అక్క ఇంటికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఫోన్ చేస్తే చాలు, టీవీ సంగతే. "గోడంత ఉన్నదే. మీ బావ ఆ పెట్టెల ఏదో పెడ్తడు, ఏ సిన్మా కావాల్నంటే ఆ సిన్మా వస్తది" అనేది. మా ఇంట్లోనూ టీవీ ఉంది. అది చిన్నదని అమ్మ ఎప్పుడూ అనలేదు. అననందుకే ఎక్కువ మండింది.

అమ్మను వెనక్కి రప్పించేది నా దగ్గర ఒకటి ఉందనుకున్నాను. అది నాయన గొంతు.

ఎవరైనా ఫోన్ ఎత్తి వీడియో తీయబోతే నాయన నోరు మూసుకునేవాడు. అందుకే ఆయన మాట్లాడిన వీడియో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా అక్క పెళ్ళి వీడియో. నా పెళ్ళికి ఫోటోలతోనే సరిపెట్టారు, ఆ సంగతి ఇప్పుడెందుకు. అక్క పెళ్ళి వీడియోలోనూ నాయన కనిపించేది రెప్పపాటే, వినిపించేది సినిమా పాటే. మా వైపు పెళ్ళి వీడియో అంటే అంతే. స్టూడియో వాళ్ళు మనుషుల మాటలన్నీ తీసేసి పాటలు పరుస్తారు. "ఒక్కపారి ఆయన గొంతు ఇంటే బాగుండునే" అని అమ్మ ఎన్నిసార్లు అందో.

భద్రాచలంలో ఆ స్టూడియో ఇంకా నడుస్తోందని తెలిసి వెళ్ళాను. స్టూడియో ఆయన పాత హార్డ్ డిస్కులు వెతికి, పాటలు వెయ్యకముందు వీడియోను నా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూశాను. దుమ్ముగూడెంలో మా పుట్టింటి ముందు పందిరి, భోజనాలకు కూర్చున్న మొదటి బంతి, పప్పు బకెట్‌తో నాయన. ఆయన పక్కనే నీళ్ళ జగ్గు పట్టుకుని నేను. నాయన కెమెరా ఉందని కూడా మరిచిపోయి, "పెద్దది తిన్నదా? పొద్దుగాల్నుంచి ఏం తిన్లేదది. ఎవలన్న చూడుండ్రి" అంటాడు.

నేనూ తినలేదు. ఆయన మోచేతికి తగిలేంత దగ్గర్లో ఉన్నాను. పెళ్ళికూతురు అక్క కాబట్టి అడిగాడు, న్యాయమే. న్యాయమని తెలిస్తే కడుపుమంట ఆరుతుందా? చిన్నప్పుడు సైకిల్ మీద కూడా ఇంతే. ముందు రాడ్ మీద అక్క, వెనక క్యారియర్ మీద నేను. నాయన దారంతా ముందున్నదానితో కబుర్లు చెబుతూ తొక్కేవాడు. నాకు ఆయన చెమట చొక్కా మాత్రం కనబడేది.

నాయన గొంతు దొరికింది, వచ్చి విను అని అమ్మకు ఫోన్ చేశాను. "నువ్వే తీస్కరా. గీడ పెద్ద టీవీల చూద్దం" అంది.

ఆదివారం పొద్దున్నే ఏమీ తినకుండా ఇల్లందు బస్సెక్కాను. బావ డ్యూటీలో ఉన్నాడు. అక్క నా పెన్ డ్రైవ్‌ను పెట్టెకు గుచ్చింది. దీన్ని చదవలేమని తెర మీద వచ్చింది.

"నీ పెన్ డ్రైవే మంచిది కాదేమోనే" అంది అక్క.

"నీ పెట్టెకే తెల్వదు" అన్నాను.

తప్పు రెండిటిదీ కాదు. నా పెన్ డ్రైవ్ కంప్యూటర్‌కు అలవాటైన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, ఆ పెట్టె దాన్ని ముట్టదు. ఫోన్‌లో వెతికి తెలుసుకుని, వీడియోను అక్క ల్యాప్‌టాప్‌లో దాచి, పెన్ డ్రైవ్‌ను ఫ్యాట్ 32కి మార్చాను. అందులో నాలుగు జీబీ దాటిన ఫైలు పట్టదు, అక్క పెళ్ళేమో అంతకంటే పెద్దది. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చాను. ఈసారి పెట్టె పెన్ డ్రైవ్‌ను గుర్తించింది, ఫైలు పేరూ చూపించింది, కానీ ఆ రకం వీడియో ఆడించనంది. దాన్ని ఎంపీఫోర్‌గా మార్చాలట. బావ ఫుట్‌బాల్‌కు లేని పట్టింపులన్నీ మా నాయనకే వచ్చిపడ్డాయి.

ల్యాప్‌టాప్ నెమ్మదిగా మారుస్తుంటే అక్కా అమ్మా అన్నాలకు కూర్చున్నారు. "రావే, సల్లారిపోతది" అని అక్క పిలిచింది. కోడికూర వాసన ముక్కుకు తగులుతున్నా లేవలేదు. టీవీ అక్కదైతే అయింది, అమ్మకు నాయన గొంతు వినిపించేది మాత్రం నేనే కావాలి.

చివరికి బొమ్మ వచ్చింది. గోడంత నాయన. గొంతు రాలేదు. బొమ్మ మారినా లోపలి ధ్వని పాత రకంలోనే ఉండిపోయింది, అది ఆ పెట్టెకు గిట్టదు. వడ్డన ముక్క వరకే కత్తిరించి, ధ్వనిని కూడా మార్చమని ల్యాప్‌టాప్‌కు మళ్ళీ పని పెట్టాను. అమ్మ మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు.

బకెట్ పట్టుకుని నాయన ఇటు తిరిగాడు. పెదవులు కదిలాయి.

"ఏమంటుండమ్మా?" అంది అక్క.

అమ్మ తడుముకోలేదు. "చిన్నది తిన్నదా అంటుండు. చూడు, పక్కన్నే నిలబడ్డది, మొఖం పీక్కపోయి ఉన్నది. గది చూసే అడుగుతుండు."

నేను అక్క ముఖం చూశాను. తన పెళ్ళి రోజున కూడా నన్నే అడిగాడా అన్నట్టు చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు, చిన్నప్పట్నుంచి అద్దంలో చూసుకుంటున్నదే. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే ల్యాప్‌టాప్ టింగుమంది.

"అయ్యిందా? ఇప్పుడు గొంతు వస్తదా?" అని అడిగింది అమ్మ.

రాదని చెప్పొచ్చు. పొద్దుట్నుంచీ ఏదో ఒకటి రావడం లేదు కాబట్టి నమ్ముతారు. నాయన అడిగింది నన్నే అన్న మాట అట్లాగే నిలబడిపోతుంది. కానీ అమ్మ అప్పటికే చెవి మీది కొంగు వెనక్కి తోసుకుని టీవీకి దగ్గరగా జరిగింది. మారిన ముక్కను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టెకు గుచ్చాను.

"పెద్దది తిన్నదా?" నాయన గొంతు ఇల్లంతా నిండింది. "పొద్దుగాల్నుంచి ఏం తిన్లేదది. ఎవలన్న చూడుండ్రి."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దేనికని మాత్రం అడగొద్దు.

కాసేపటికి అమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. తన మాట తప్పయిందన్న జంకు ఏమీ లేదు.

"పొద్దుగాల్నుంచి నువ్వు ఏం తిన్లేదు గదనే" అంది.

అక్క లేచి వెళ్ళి, కూర వేడి చేసి, కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. కాలు ముక్క నాకే వేసింది.

"ఇంకొక్కపారి పెట్టు బిడ్డా" అంది అమ్మ.

ఎడమచేత్తో మళ్ళీ పెట్టాను. ఈసారీ పెద్దదాన్నే అడిగాడు.